బ్యాంకాకు వీధుల్లో తోడికోడళ్ళు

"అవ్వా, బ్యాంకాకులో నువ్వూ పెద్దవ్వా తప్పిపోయినారంట గదా? ఆ కత చెప్పు. ఫోన్లో రికార్డు పెట్టినా."

తప్పిపోయింది మేమని ఎవరు చెప్పినారు నీకు? మీ శివ మామా? వాడట్లనే చెప్తాడు. తప్పిపోయింది వాడు. మేమిద్దరం యాడుండామో మాకు తెలుసు, వాడే తెలీక ఊరంతా తిరిగినాడు. ఆ ఫోను కొంచెం అవతల పెట్టు, మొగం మీదికి పెట్టొద్దు. నేను ఈ చెనిక్కాయలు ఒలుచుకుంటా చెప్తా. నువ్వు గూడా రెండు ఒలువు, చేతులు ఊరికే పెట్టుకోని వింటే నాకు కత సాగదు.

ముందటేడు మాట అది. శివరాత్రికి ముందు. ఇంకా మన చేన్లో కందులు కొట్టలేదు... కాదు కాదు, కొట్టినాం, మూటలు నడవలోనే ఉండె. బద్వేల్లో మీ మామకు సిమెంటంగడి ఉండాది గదా, సరుకు బాగా అమ్మినోళ్ళను కంపెనీవాళ్ళు బ్యాంకాకు తీస్కపోతామనిరి. ఆలుమొగుడు ఇద్దరూ రావచ్చంట. మీ అత్తేమో పిల్లోళ్ళకు పరీక్షలుండాయి, నేను రాననె. వాడొచ్చి, అమ్మా నువ్వు రా అన్నాడు. నాకెందుకురా ఈ వయసులో అంటి. పైకి అట్లంటి గానీ లోపల ఆశనే, నీ కాడ అబద్ధమెందుకు. నేను చూసిన దేశం ఎంత? బద్వేలు, కడప, తిరప్తి, నువ్వు పుట్టినప్పుడు కర్నూలు. అంతే. మా కాలంలో కడపకు బస్సు చార్జి రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలు పెట్టేదానికే మీ తాత నాలుగు దినాలు ఆలోచన చేస్తాండె. మీ తాతను గూడా రమ్మంటిమి, బర్రెల్ను ఎవరు చూడాల, నేను రాను పో అన్నాడు.

వాడు చేసిన పని చూడు. మద్రాసుకు పోయి విమానాల కాడ దిగితే, ఆడ కుర్చీలో నారాయణమ్మక్క కూచ్చోనుండాది, ఒళ్ళో సంచి పెట్టుకోని. మద్రాసులో తమ్మునింటికి పోతాండానని నాలుగు దినాల ముందరే ఊరు దాటిందిలే ఆయమ్మ. నారాయణమ్మక్కంటే మీ పెద్దవ్వ, నాకు తోడికోడలు, మీ తాతోళ్ళ అన్న పెండ్లాం. నీకు తెలుసనుకో, ఆ ఫోన్లో వినేటోళ్ళకు తెలీదు గదా. ఆయమ్మ టికెట్టుకు వాడే సొంతంగా దుడ్లు కట్టినాడు. నేనొస్తాండానని ఆయమ్మకు చెప్పలే, ఆయమ్మ వస్తాండాదని నాకు చెప్పలే. చెప్పింటే ఇద్దర్లో ఒకరు ఆగిపోతామని వానికి తెలుసు.

ఎందుకంటే మా ఇద్దరికీ అప్పటికి పన్నెండేండ్ల నుంచి మాటల్లేవు.

ఇండ్లు పక్కపక్కనే, నడుమ ఒకటే గోడ. ఆపక్క ఆయమ్మ, ఈపక్క నేను. మాటలు లేకపోయినా పనులు ఆగవు గదమ్మా. ఆయమ్మ బర్రె మా కల్లంలోకి దూరితే నేను మా కుక్కతో చెప్తాంటి, బర్రెను కట్టేసుకోలేనోళ్ళు బర్రెను ఎందుకు సాకాల అని. ఆయమ్మ బర్రెతో చెప్పేది, పదవే, గొప్పోళ్ళ కల్లంలో గడ్డి గూడా చేదుగా ఉంటాది అని. గోడకు చెప్పుడు, రోలుకు చెప్పుడు, పాలుపోసే పిల్లకు చెప్పుడు. పన్నెండేండ్లు అట్లనే గడిపితిమి. నగుతాండావు నువ్వు. నగు, ఇప్పుడు నాకూ నగువస్తాది.

విమానంలో నడుమ సీట్లో వాడు, అటు ఆయమ్మ, ఇటు నేను. ఆయమ్మకు చలేస్తాండాదేమో అడుగురా అని నేను. చలిలేదని చెప్పురా అని ఆయమ్మ. ఇద్దరి మాటా ఇద్దరికీ వినపడ్తానే ఉండాది. వాడు పాపం మెడ అటూ ఇటూ తిప్పీ తిప్పీ, కాసేపుటికి కండ్లు మూసుకోని నిద్రపోయినట్టు నటించె. ఓటల్లో మా ఇద్దరికీ ఒకే రూము, రెండు మంచాలు. ఏసీ తగ్గించమని ఆయమ్మ టీవీకి చెప్తే నేను లేచి తగ్గించినా.

రెండో దినం సోమవారం. పొద్దున్నే రెండు బస్సుల్లో గుళ్ళు చూపించేదానికి తీస్కపోయిరి. ముందర ఒక పిల్ల ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకోని పోతాంటే, నలభైమందిమి ఆ గొడుగు ఎనకాల పోవాల. గొడుగును వదిలితే తప్పిపోతారని బస్సులోనే మూడుసార్లు చెప్పింది. ఫోనేమో ఆడ మన సిమ్ము పనిచేయదని రూములోనే పెట్టొచ్చినా. ఓటలు కార్డు మాత్రం రైకలో పెట్టుకోమని మీ మామ ఇచ్చినాడు, నా దగ్గరుండె. ఆ దేశం దుడ్లు ఆయమ్మకిచ్చినాడు, నేను పారేస్తానని. ఆయమ్మ నడుముకు వక్కాకు సంచి ఉంటాది చూడు, దాంట్లో పెట్టి ముడేసింది.

ఆడ బుద్ధుడు పండుకోనుండాడు. ఒళ్ళంతా బంగారం రంగు. ఈ కొన తల, ఆ కొన కాళ్ళు, మన వీధంత పొడుగు. సామి పాదాలు చూసేదానికే మెడ నొప్పి పుట్టె. ఎనకపక్క గోడ పొడుగునా చిన్న చిన్న కుండలు వరసగా పెట్టినారు. నూట ఎనిమిదంట. చిల్లర కొనుక్కోని ఒక్కో కుండలో ఒక్కో బిళ్ళ వేసుకుంటా పోవాల. వేస్తే టంగుమంటాది. మీ పెద్దవ్వ సంగతి నీకు తెలీదా, దేవుని కాడ ఒక్కటి తప్పినా మళ్ళ మొదట్నుంచీ మొదలు పెడ్తాది. అరవయ్యో కుండ కాడ ఎవరో గుద్దుకుంటే లెక్క తప్పె. మళ్ళ ఎనక్కొచ్చి చిల్లర కొని మొదట్నుంచి వేసె. నేను స్తంభం కాడ నిలబడి చూస్తాండా. మావాళ్ళంతా బయటికి పోతాండారు. రా అని పిలవాల, పిలిస్తే మాట్లాడినట్టవుతాది. వదిలి పోవచ్చు గదా అంటావు. ఎట్ల పోతావమ్మా? పరాయి దేశంలో, డెబ్బై ఏండ్ల మనిషిని. కోపం కోపమే, మనిషి మనిషే.

బయటికొస్తే ఎర్ర గొడుగు దూరంగా పోతాండాది. చెప్పులేసుకోని ఇద్దరమూ దాని ఎనకాలనే బిరబిరా నడుస్తిమి. శానాదూరం పోయినాక ఆ గొడుగు తిరిగె. చూస్తే పట్టుకున్నోడు మొగోడు, దాని ఎనకాలంతా చీనావాళ్ళు. మా గొడుగు పిల్ల యాడికి పాయనో. మీ మామేమో మేము రెండో బస్సులో ఎక్కినామని అనుకోని నిమ్మళంగా పోయినాడు.

భయమా? భయమెందుకు లేదు. కానీ ఆయమ్మ ముందర భయపడేది ఎట్ల? రైకలోంచి కార్డు తీసి పోలీసాయనకు చూపిస్తి. ఆయన ఇట్ల ముందరికి చెయ్యి చూపి, మళ్ళ ఎడమపక్కకు తిప్పి, రెండు వేళ్ళెత్తి చూపించె. రెండు మైళ్ళో, రెండు గంటలో, రెండు వీధులో ఆయనకే తెల్సు. ఇంతలో ఒక ఆటో వచ్చి నిలిచె. మన ఆటో మాదిరే మూడు చక్రాలు గానీ ఊరేగింపు బండి మాదిరి రంగులు, లైట్లు. ఎక్కమని సైగ చేసినాడు. నాకు ఎక్కాలనే ఉండె. ఆయమ్మ ఆ ఆటోతో చెప్పె, "మొగం తెలీని మగోని బండి ఎక్కి యాడికని పోవల్లప్పా? మాకు కాళ్ళుండాయి." అది నాకు చెప్పిన మాటే. దుడ్లు ఆయమ్మ సంచిలో ఉండాయి, నేనొక్కదాన్నే ఎక్కి ఏం ఇయ్యాల? కార్డు నా కాడుండాది, ఆయమ్మ ఒక్కతే యాడికి పోవాల? అందుకని ఇద్దరమూ నడుస్తిమి. నాలుగడుగులు ముందర ఆయమ్మ, ఎనక నేను.

ఊరు శానా బాగుండాదమ్మా, అట్ల నడిస్తేనే ఊరు కనపడేది. బస్సులో కూచ్చుంటే అద్దం కనపడ్తాది అంతే. ప్రతి ఇంటి ముందర, అంగడి ముందర కంబం మీద గూడంత చిన్న ఇల్లు కట్టి దేవతను పెట్టినారు. అన్నం, అరటిపండ్లు, ఒక సీసాలో ఎర్ర కలరు సోడా, దాంట్లో పీల్చుకునే పుల్ల గూడా. దేవతకు దప్పికయితాదని. మన పోలేరమ్మకు మజ్జిగ పోస్తాం గదా, అట్లనే. ఆయమ్మ ప్రతిదానికీ నిలబడి దండం పెడ్తాది, నేనూ పెడ్తా. ఒక బండి మీద తేళ్ళు, పురుగులు వేయించి పుల్లకు గుచ్చి పెట్టినారు. ఆయమ్మ ఆడ ఒక పిల్లికి చెప్పె, నీసు తినని సోమవారం గాబట్టి బతికిపోతిమి, లేకుంటే కొందరు వీటిని గూడా వదిలేటోళ్ళు కాదని. కొందరంటే నేనేలే. నాకు నగువచ్చె, కానీ ఆపుకుంటి. ఇంకో బండి కాడ జామకాయ ముక్కలు కోసి అమ్ముతాండారు. ఆయమ్మ సంచి ముడి విప్పి రెండు పొట్లాలు కొనె. ఒకటి పక్కనున్న తిన్నె మీద పెట్టి తిరిగి చూడకుండా నడిచె. నేను తీసుకుంటి. మిరప్పొడిలో ఉప్పుతోపాటు చక్కెర గూడా కలిపినారు వాళ్ళు. జామకాయకు చక్కెరెందుకు? అయినా తింటి.

ఎడమకు తిరిగితే పూల మార్కెట్టు. ఓయమ్మ, ఏం పూలు. బంతిపూలు బస్తాలు బస్తాలు. మనకాడ మైదుకూరు పక్క ఎకరాలకొద్దీ వేసినా అన్ని పూలు ఒక్కచోట చూడలేదు. మా అమ్మోళ్ళింట్లో గూడా బంతి వేసేటోళ్ళు, దసరాకు కడపకు తోలితే బస్తా ఇరవై రూపాయలు, ఒక్కోసారి అదీ రాక కాలవ్లో పారబోసి వచ్చేటోడు మా నాయన. అది చెప్పబోతే ఇంకో కత అవుతాది. ఆడ ఒకామె మల్లెమొగ్గలు గుచ్చుతాండాది. మూరెడు సూది. ఆయమ్మ నిలబడి చూసి చూసి, ఉండబట్టలేక ఆమె పక్కన కూలబడె. ఆడ పడున్న అరటినార తీసి చీల్చి, నీళ్ళలో తడిపి, సూదీ గీదీ లేకుండా కట్టడం మొదలుపెట్టె. మీ పెద్దవ్వ పూలు కడ్తే వేళ్ళు కనపడవు. ఆ పూలామె, పక్కనున్న నలుగురు ఆడోళ్ళు పని ఆపి చూస్తిరి. ఒకరి మాట ఒకరికి తెల్దు, అయినా ఏదో మాట్లాడుకుంటానే ఉండారు. మూర పూలు కట్టి ఆమెకిస్తే, ఆమె సంతోషపడి ఇద్దరికీ చల్లటి నీళ్ళిచ్చి, చిన్న మల్లెదండలు తెచ్చి ఒకటి నా చేతికి, ఒకటి ఆయమ్మ చేతికి తొడిగె. ఆడ తల్లో పెట్టుకోరు, చేతికి వేసుకుంటారు. ఆయమ్మ ముందు చెయ్యి ఎనక్కి లాక్కునె. మా బావ, ఆయమ్మ మొగుడు, పోయినాక పూలు ముట్టుకుంటాది గానీ పెట్టుకోదు. ఆమెకు తెల్దు గదా, నవ్వుతా చెయ్యి పట్టుకోని తొడిగేసె. ఆయమ్మ తీసేస్తాదేమోనని చూస్తి. తీయలే. ఆ చెయ్యిని చూసుకుంటానే నడిచె.

ఆ పొద్దుకు అది చాలనిపించింది నాకు. ఓటలు ఇంకా రాకపోయినా బాధలేదు. కాళ్ళు గూడా నొప్పి తెలీలే.

అప్పుడొచ్చినాడమ్మా ఆ సామి. ముసలాయన. నారింజ రంగు గుడ్డ, గుండు, చెప్పుల్లేని కాళ్ళు. మన కాడ సామి ఎదురొస్తే ఏం చేస్తాం? కాళ్ళకు మొక్కుతాం. ఆయమ్మ వంగి, ఆయన పాదాల మీదికి చేతులు చాపె. ఆయన పాము మీద కాలేసినట్టు గభాలున రెండడుగులు ఎనక్కి దూకినాడు. పక్కన అంగడోళ్ళు గూడా వద్దు వద్దని చేతులూపిరి. ఆయన ఏదో మెల్లగా చెప్పి, తల వంచి, చుట్టూ తిరిగి పోయినాడు.

ఆయమ్మ అట్లనే వంగుండాది. తర్వాత మెల్లగా లేచి పక్కన అంగడి మెట్టు మీద కూచ్చునె. చేతి మల్లెదండ తీసి మెట్టు మీద పెట్టె. ఆడొక పిల్లి ఉండె, ఆ ఊర్లో యాడ చూసినా పిల్లులేలే. దాంతో చెప్పె.

"చూస్తివా మే. దేశం దాటొచ్చినా తెలిసిపోతాది. నా మొగానే రాసి ఉండాదేమో."

ఆ మాట పిల్లికి చెప్పింది గాదు, నాకే.

ఇప్పుడు చెప్తా, పన్నెండేండ్లు మాటలు ఎందుకు లేవో. మీ అమ్మకు గూడా సరిగ్గా తెల్దు, ఆస్తి పంపకాల్లో తగువులాడుకున్నామని అనుకుంటాది. ఆస్తి గాదు. మీ శివ మామ పుట్టినాక నాకు జరం పట్టుకోని ఒక ఏడాది మంచం మీదనే ఉంటి. పాలు లేవు, ఓపిక లేదు. వాన్ని సాకింది ఆయమ్మ. ఆయమ్మకు పిల్లల్లేరు. మూడేండ్లు వచ్చిందాకా వాడు ఆయమ్మ చంక దిగలే, నన్ను చిన్నమ్మా అని పిలిచేవాడు, నాకు ఏడుపొచ్చేది. సరే. వాని పెండ్లికి ముందేడు మా బావ చనిపోయినాడు. పెండ్లికొడుకును చేసే దినం, పీట మీద వాన్ని కూచ్చోబెట్టినాం, ఆడపెండ్లోళ్ళు ఎర్రగుంట్ల నుంచి వచ్చి చూస్తాండారు. అందరికన్నా ముందర ఆయమ్మ పసుపునూనె గిన్నె పట్టుకోనొచ్చి వాని తల మీద చెయ్యి పెట్టబోయె. నేను అంటి, "అక్కా, నువ్వు కొంచెం అవతలికి పో, ముత్తైదువుల్ను పెట్టనీ."

ఎవరూ అనమని చెప్పలేదమ్మా నాకు. ఆడపెండ్లోళ్ళు ఏమన్నా అంటారేమోనని నేనే అంటి. వాళ్ళు ఒక్కమాట అనలే. ఆయమ్మ గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకోని, ఇంటికి పాయె. పెండ్లిలో బువ్వ తినలే. ఆ పొద్దునుంచి మాటల్లేవు. నేను తప్పు చేసినానని నాకు ఆ దినమే తెల్సు. తెల్సు గాబట్టే నాకే ఎక్కువ కోపమొచ్చె. అట్ల ఉంటాది మనిషి గుణం.

"మరి ఎప్పుడూ పోయి మన్నించమని అడగలేదా అవ్వా?"

అడగలే. ఈపొద్దు, రేపు అనుకుంటానే పన్నెండేండ్లాయె. తప్పు చేసినోళ్ళకు గడప ఎత్తయితాది.

ఆ మెట్టు ఒక గుడ్డలంగడిది. లోపల తలపాగా పెట్టుకున్న సర్దారాయన. ఆ పక్కంతా గుడ్డలంగళ్ళే, వాళ్ళవే. నాకు సాయిబుల మాట వస్తాది గదా, చిన్నప్పుడు మా పక్కింటి మస్తానమ్మోళ్ళ ఇంట్లోనే పెరిగినా, ఆయనకది అర్థమాయె. అడిగితి, ఆ సామి ఎందుకట్ల చేసినాడని. ఆయన నగి చెప్పినాడు. వాళ్ళు ఆడమనిషిని ముట్టుకోకూడదంట. ఏ ఆడమనిషినైనా సరే. కన్నతల్లి గూడా కొడుకును ముట్టుకోకూడదంట, ఏదన్నా ఇయ్యాలంటే గుడ్డ పరిచి దాని మీద పెట్టాలంట. అది వాళ్ళ కట్టుబాటు. మన మొగుళ్ళున్నారా లేరా అని వాళ్ళు చూడరు.

బయటికొచ్చి చెప్పాల. ఎవరికి చెప్పాల? పిల్లికే చెప్తి. ఆయమ్మకు చెప్పు మే, వాళ్ళు ఆడోళ్ళనెవర్నీ ముట్టుకోరంట, సర్దారాయన చెప్పినాడు అని. ఆయమ్మ గూడా పిల్లితోనే అనె, ఓదార్చేదానికి కొందరు ఏవన్నా పుట్టిస్తారు, ఆ మాట ఎవరికి అర్థమవుతాది, ఆయన ఏం చెప్పినాడో ఏందో అని. నమ్మలే. ఎట్ల నమ్ముతాది? నా నోటి మాట ఆయమ్మకు ఒకసారి తగిలింది గదా.

నాకు ఏం చేయాల్నో తోచలే. అంతలో వీధి మొదట్లో ఇంకో సామి వస్తాండాడు. పడుచోడు, చేతిలో గొడుగు. నేను చెప్పులిడిచి, కొంగు సర్దుకోని, వీధి నడుమకు పోయి ఆయన ముందర వంగితి. నా మొగాన రూపాయంత బొట్టుండాది, చేతుల నిండా గాజులుండాయి, మెడలో తాళి బయటికేసుకున్నా. ఆయమ్మకు కనపడేటట్టు. చేతులు చాపితి. ఆ పిల్లోడు గొడుగు పారేసినంత పనిచేసి ఎనక్కి గెంతినాడు. నేను ఇంకో అడుగు ముందుకేస్తి. ఆయన ఇంకో రెండు అడుగులు ఎనక్కి. అంగడోళ్ళంతా అరుస్తాండారు. నీ కాళ్ళు ముట్టుకోనులే నాయనా, ఒక పని మీద వచ్చినా, తప్పు కాయి అని దూరం నుంచే దండం పెట్టి తిరిగి వస్తి. ఆయనకు ఏమర్థమయ్యెనో పాపం. ఆ పాపమేదో నాకే రానీ.

మెట్టు కాడికి వస్తే ఆయమ్మ నగుతాండాది. నోటికి కొంగడ్డం పెట్టుకోని, ఒళ్ళంతా కదిలిపోతా నగుతాండాది. కండ్లల్లో నీళ్ళు. ఏడుపో నగో నాకు తెలీలే. పక్కన కూచ్చుంటి. ఈసారి నేను పిల్లికి చెప్పలే, గోడకు చెప్పలే. ఆయమ్మ మొగం చూసి అంటి.

"అక్కా, ఆ దినం నిన్ను అవతలికి పొమ్మంటి. తప్పు నాదే. ఎవరూ చెప్పలే నాకు. నేనే అంటి."

ఆయమ్మ కొంగుతో కండ్లు తుడుచుకునె. వీధిలో బండ్లు పోతాండాయి. తర్వాత నా పక్క తిరిగి అడిగె.

"నా చేతుల్లో పెరిగిన బిడ్డ, సుబ్బమ్మా. నా చెయ్యి తగిల్తే వానికేమయితాదనుకుంటివి?"

పన్నెండేండ్లకు నా పేరు పెట్టి పిలిచె. తల వంచుకోని కూచ్చుంటి. ఆయమ్మే లేచె. మెట్టు మీది మల్లెదండ తీసి చేతికి తొడుక్కునె. లే, పొద్దు వంగుతాండాది, బిడ్డ వెతుక్కుంటా ఉంటాడు అనె. నాకు కూలబడి లేచేదానికి మోకాళ్ళు రావు గదా, చెయ్యి అందించె.

సర్దారాయన కార్డు చూసి, మా ఓటలు ఆ గుడ్డలంగళ్ళు దాటితే వచ్చే సందులోనే అని చెప్పినాడు. మనిషిని తోడు పంపిస్తానన్నాడు, వద్దంటిమి. పది నిమిషాల దోవ అది. మేము గంట నడుస్తిమి. ఒక అంగట్లో దూరి గుడ్డలు చూస్తిమి, ధర చెప్తే నోరెళ్ళబెడ్తిమి. మా ఇద్దరికీ పన్నెండేండ్ల మాటలుండాయి గదా. మా బావ ఆఖరి దినాల్లో ఏం తినాలని అడిగినాడో అప్పుడు చెప్పె నాకు. కొర్రన్నంలో చింతాకు పప్పు అడిగినాడంట. అది బాగా చేసేది మన సుబ్బమ్మ కదా అన్నాడంట. మాటలుండిన కాలమే అది, పిలిచింటే పరిగెత్తుకోని పోయేదాన్ని. కానీ పిలిచేలోపలే మెతుకు గొంతు దిగడం ఆగిపాయంట. అది వినేటప్పుడు మాత్రం నడవలేకపోతి. ఒక చోట నిలబడితి. ఆయమ్మ గూడా నిలబడె.

ఓటలు ముందర మీ మామ మెట్ల మీద కూచ్చోని తల పట్టుకోనుండాడు. కంపెనీవాళ్ళిచ్చిన టోపీ యాడ పారేసినాడో. రెండుసార్లు ఆ గుడికి పోయొచ్చినాడంట, పోలీసులకు చెప్పినాడంట, తిండి లేదు. నలభై ఏండ్లు దాటిన మనిషి, మమ్మల్ని చూసి చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. నా కాళ్ళు వాని కాడికి పరిగెత్తబోయె. కన్నదాన్ని గదా, ఎట్లాగుతాయి. ఆపుకుంటి. మెట్లకు ఇవతలనే నిలబడి, ముందు నువ్వు పో అక్కా అంటి.

ఆయమ్మ నా మొగం ఒకసారి చూసె. పోయి, వాని తల మీద రెండు చేతులు పెట్టి, చెంపల మీదుగా కిందికి నిమిరి, తన కణతల కాడ మెటికలు విరిచె. అన్నీ పటపటమని విరిగినాయి. వాడు ఆ చేతులు పట్టుకోని నన్ను చూసినాడు, నేను ఏమంటానోనని. నేను ఏమంటా? గాజులు సర్దుకుంటా ఆడనే నిలబడితి.

అంతేనమ్మా. మరునాడు సముద్రానికి తీస్కపోయిరి, అది పెద్ద చెప్పుకునేంత లేదు. నీళ్ళే గదా. వాపసు వచ్చేటప్పుడు విమానంలో వాన్ని కిటికీ కాడికి తోసి మేమిద్దరం పక్కపక్కన కూచ్చుంటిమి. వాడు ముందు సంతోషపడినాడు గానీ, చెవులు మూసుకున్నాడు తర్వాత. ఊర్లో దిగితే మీ తాత రెండిండ్ల బర్రెల్ను ఒకే కొట్టంలో కట్టేసినాడు, పనికి సులువని. ఇప్పటికీ అట్లనే ఉండాయి.

చాల్లే, ఆపు ఆ ఫోను. ఒలిచినవి తక్కువ, తిన్నవి ఎక్కువ నువ్వు. నీకు సాయంత్రం బస్సు గదా. ఉద్యోగంలో చేరబోతాండావు, తలకు నూనె గూడా లేకుండా పోతావా? సల్లగుండాల తల్లీ, పోయినచోట నీకు నలుగురు తోడుండాల. పోయేటప్పుడు దీవెనకు ముందు ఆ గోడకవతలికి పో. ఆయమ్మ చెయ్యి తల మీద పెట్టించుకో. నా కాడికి తర్వాత రా, నేను ఈడనే కూచ్చోనుంటా.